పల్లె దాకా రావాల్సిన వేదాంత విద్య

డిగ్రీ చేతికొచ్చిన పిల్లో పిల్లవాడో సెమినరీలో చేరతానంటే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. "పిలుపు ఉందా?" అనేది ఒకటి. "ఆ చదువు చదివితే ఏమొస్తుంది?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు ఎవరి మోకాళ్ల మీద వాళ్లు వెతుక్కోవలసిందే. రెండోదాని గురించి మాత్రం చెప్పడానికి చాలా ఉంది, ఎందుకంటే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ), ఎం.టిహెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) అనే ఈ చదువులకు రెండు వందల ఏళ్ల వెనకటి కథ ఉంది, లోపల గట్టి క్రమశిక్షణ ఉంది, బయట బోలెడన్ని చిక్కులున్నాయి. అయితే ఈ రెండింటికంటే నన్ను ఎక్కువగా వెంటాడే ప్రశ్న ఇంకొకటి: ఈ చదువు ఎవరిది? తెలుగునాట క్రైస్తవంలో అధిక భాగం మాల మాదిగ పల్లెల్లో పుట్టి పెరిగింది. తరతరాలుగా అక్షరాన్ని అందనివ్వని జనం అది. వారి మనవలూ మునిమనవలూ ఇవాళ హీబ్రూ, గ్రీకు చదువుతున్నారు. ఆ చదువు మళ్లీ ఆ పల్లెకు ఏ రూపంలో చేరుతోందన్నదాన్ని బట్టే నేను ఈ విద్యను అంచనా వేస్తాను.

మన దేశంలో ప్రొటెస్టెంట్ వేదాంత డిగ్రీకి మూలం బెంగాల్లోని సెరాంపూర్. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ కలిసి 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. ఆ ఊరు అప్పట్లో డేన్‌మార్క్ ఏలుబడిలో ఉండేది. అందుకే డిగ్రీలిచ్చే అధికారం 1827లో డేన్‌మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ చార్టర్ ద్వారా వచ్చింది. ఆ అధికారం వేదాంతంలో అక్కరకు రావడానికి మరో తొమ్మిది దశాబ్దాలు పట్టింది. తొలి బి.డి. పట్టాలు 1915లో ఇచ్చారు. 1918లో చేసిన సెరాంపూర్ కాలేజీ చట్టంతో సెనేట్ ఏర్పడి, దేశంలోని ఇతర సెమినరీలు దానికి అనుబంధంగా చేరే వీలు కలిగింది. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నై గురుకుల్, కోల్‌కతా బిషప్స్ కాలేజీ, మన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అన్నీ ఆ గొడుగు కిందివే.

తెలుగు ప్రాంతపు వేదాంత విద్య మాత్రం డిగ్రీల కోసం మొదలు కాలేదు. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం పొందాక క్రైస్తవంలో చేరే కదలిక పల్లె నుంచి పల్లెకు పాకింది. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరవు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంతమందికి వాక్యం చెప్పేదెవరు? రామాయపట్నంలో బాప్టిస్టులు, రాజమండ్రి లూథర్‌గిరిలో లూథరన్లు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు నడిపిన బోధనాలయాలు ఈ అవసరానికి వచ్చిన జవాబులే. చదవడం, రాయడం, బైబిలు కథ చెప్పడం, ప్రార్థన నడపడం నేర్పి పల్లెకు పంపేవారు. పల్లెలో ఆయనే పంతులు, ఆయనే పాస్టరు. బడి, గుడి ఒకే పాకలో నడిచేవి.

లూథరన్లు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టులు, మెథడిస్టులు ఒకరికొకరు సంబంధం లేకుండా నడుపుకుంటున్న ఈ శిక్షణను ఒకచోటికి తేవాలన్న ప్రయత్నంతో 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడింది. 1973లో అది హైదరాబాద్ గాంధీనగర్‌కు మారింది. అన్ని సంఘాల పిల్లలూ ఒకే హాస్టల్లో ఉండి, ఒకే తరగతిలో వాదించుకుని, ఒకే చాపెల్లో ప్రార్థించుకోవడం చిన్న విషయం కాదు. తర్వాత విడిపోయిన సంస్థలూ ఉన్నాయి, తిరిగి సొంత సెమినరీలు పెట్టుకున్నవారూ ఉన్నారు. అయినా ఆ ప్రయోగం వేసిన ముద్ర ఈనాటికీ తెలుగు పాస్టర్ల మధ్య స్నేహాల్లో కనిపిస్తుంది.

ఇక డిగ్రీల సంగతి. ఇంటర్ తర్వాత చేసేది బి.టిహెచ్. డిగ్రీ చదివినవారు బి.డి.లో చేరి నాలుగేళ్లు చదువుతారు. అభిషేకానికి చాలా సంఘాలు కోరేది ఇదే. ఆ పైన రెండేళ్ల ఎం.టిహెచ్.లో పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ వేదాంతం, సంఘ చరిత్ర, మతాల అధ్యయనం వంటి ఒక శాఖను ఎంచుకోవాలి. ఆ తర్వాతది డాక్టరేట్. సెరాంపూర్ వెలుపల ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపుతో ఎం.డివ్., ఎం.ఏ., ఎం.టిహెచ్. ఇచ్చే సంస్థలున్నాయి. బెంగళూరులోని సైయాక్స్ తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన పేరు. కథోలికుల దారి వేరు. గురుపట్టానికి ముందు తత్వశాస్త్రం, వేదాంతం కలిపి ఏళ్ల తరబడి చదివి, ఆ పైన పుణే జ్ఞానదీప విద్యాపీఠంలోనో, రోమ్‌లో 1909లో వెలసిన పాంటిఫికల్ బిబ్లికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనో లైసెన్షియేట్, డాక్టరేట్ చేస్తారు. సంఘ సేవతో సంబంధం లేకుండా క్రైస్తవాన్ని ఒక విద్యావిషయంగా చదవాలనుకునేవారికి మద్రాస్, మైసూర్ విశ్వవిద్యాలయాల్లో క్రైస్తవ అధ్యయన విభాగాలున్నాయి. తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఈ దారిని అంతగా పట్టించుకోరు, అది విచారించదగ్గ విషయం.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. సెమినరీ ఇచ్చే పట్టా సంఘంలో ఎంత గౌరవం తెచ్చినా, ప్రభుత్వ కొలువుల్లోనూ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లోనూ అది ఎంతవరకు చెల్లుతుందో చేరకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఎవరి గుర్తింపూ లేని సంస్థలు రెండు మూడు వారాంతాల తరగతులకు మాస్టర్స్ పట్టాలు, ఒక సభకు హాజరైతే డాక్టరేట్లు ఇస్తున్నాయి. పేరు ముందు డాక్టర్ అని పోస్టరు మీద వేయించుకోవడానికి అవి పనికొస్తాయి. ఆ పోస్టరు చూసి నమ్మి వచ్చిన సంఘానికి జరిగే అన్యాయం గురించి మనం గట్టిగా మాట్లాడాలి.

ఈ చదువులో అసలు ఏం జరుగుతుంది? ఎక్కువమందికి తెలియనిది ఇదే. కాబట్టి ఒక ఉదాహరణ దగ్గర కాస్త నిలుద్దాం. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఒక రైతు పంట తొలిఫలాన్ని గంపలో పెట్టుకుని దేవుని సన్నిధికి వస్తాడు. అక్కడ తన పూర్వికుల కథ చెప్పుకుంటాడు. ఇల్లూ వాకిలీ లేక తిరిగిన తండ్రి, ఐగుప్తులో వెట్టిచాకిరీ, దేవునికి పెట్టిన మొర, విడుదల, చివరకు దక్కిన నేల. పంటల పండుగనాడు కానుకల గురించి ప్రసంగించడానికి మన పాస్టర్లు తరచుగా ఎంచుకునే భాగం ఇది. పాత నిబంధనలో ఎం.టిహెచ్. చేసే విద్యార్థి దీన్ని ముందు హీబ్రూ మూలంలో చదవాలి. ప్రాచీన గ్రీకు అనువాదంతో పోల్చాలి. ఆ తర్వాత పండితుల వాదాల్లోకి దిగాలి. 1938లో జర్మన్ పండితుడు గెర్‌హార్డ్ ఫాన్ రాడ్ ఈ కొద్ది వచనాలనే పట్టుకుని ఒక పెద్ద సిద్ధాంతం కట్టాడు. ఇది ఇశ్రాయేలు ప్రజల అతి పాత విశ్వాస ప్రకటన అనీ, ఇందులో సీనాయి కొండ ఊసే లేదు కాబట్టి సీనాయి సంప్రదాయం వేరుగా పెరిగి తర్వాత కలిసిందనీ ఆయన వాదన. తర్వాతి తరం పండితుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. ఈ మాటల తీరు ద్వితీయోపదేశకాండం రాసినవారి తీరే, అంత పాతదేమీ కాదు పొమ్మన్నారు. విద్యార్థి రెండు పక్షాలనూ న్యాయంగా వినిపించి, తానేమనుకుంటున్నాడో, ఎందుకనుకుంటున్నాడో రాయాలి. "నాకు అలా అనిపించింది" అంటే చెల్లదు.

కథ అంతటితో ఆగదు. 1980లలో దళిత వేదాంతానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన అర్వింద్ నిర్మల్ సరిగ్గా ఈ భాగాన్నే తీసుకున్నాడు. చెన్నై గురుకుల్‌లో దళిత వేదాంత విభాగాన్ని నడిపినవాడు ఆయన. ఇశ్రాయేలు రైతు తన మూలాలను దాచుకోలేదు, దిక్కులేని తండ్రి దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. అలాగే దళిత క్రైస్తవుడు తన విశ్వాసాన్ని తన పూర్వికుల అవమానం, ఆక్రందన, విడుదల కథగా చెప్పాలన్నది నిర్మల్ ప్రతిపాదన. కాలం ఏది, సంప్రదాయం ఏది అని ఫాన్ రాడ్ వెతికినచోట, ఈ కథ ఎవరిది అని నిర్మల్ అడిగాడు. ఆ తర్వాత పెనియేల్ రాజ్‌కుమార్ 2010లో వెలువరించిన పుస్తకంలో ఈ నమూనానే నిలదీశాడు. దళిత వేదాంతం ఇంతకాలం నడిచినా దళిత సంఘాల ఆచరణలో ఎందుకు అంతగా ఇంకలేదని అడిగి, నిర్గమ కథకు బదులు యేసు స్వస్థతల కథల వైపు చూపు మళ్లించాడు.

ఈ మూడు పొరలనూ దాటి వచ్చిన పాస్టరు అదే భాగం మీద పంటల పండుగనాడు ప్రసంగిస్తే ఆ ప్రసంగం మారి తీరుతుంది. గంప గురించి చెప్పడం మానడు గాని, గంప తెచ్చినవాడు ఒకప్పుడు ఎవరి పొలంలో పాలేరుగా ఉన్నాడో అడగకుండా ఉండలేడు. ఉన్నత విద్య ఇచ్చే ఫలితం నాకు తెలిసి ఇదే. ఒక వాక్యాన్ని ఇన్నిసార్లు, ఇన్ని కళ్లతో చదివినవాడికి తొందరపాటు తగ్గుతుంది.

దీనికి ఒక మూల్యం ఉంది. తొలి ఏడాదిలోనే చాలామంది విద్యార్థులకు నేల కదిలినట్టవుతుంది. ఆదికాండంలో సృష్టి కథ రెండుసార్లు, రెండు వేర్వేరు క్రమాల్లో వస్తుందని తరగతిలో చూపిస్తారు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయిటికస్, వాటికానస్ ప్రతుల్లో లేవని చెబుతారు. చిన్నప్పటి నుంచి కంఠతా పట్టిన గ్రంథం ఇలా విడివిడిగా కనిపించేసరికి కొందరు నిద్రపోలేరు. కొందరు రెండు గదులు కట్టుకుంటారు. పరీక్షలో రాసేది ఒకటి, పల్లెలో చెప్పేది ఇంకొకటి. ఈ రెండో పరిష్కారం అన్నిటికంటే ప్రమాదకరమని నా అభిప్రాయం. ఎందుకంటే అది పాస్టరుకు నేర్పేది తన సంఘాన్ని చిన్నచూపు చూడడం. గుడిసెలో కూర్చుని వినే అమ్మకు ఇవి అర్థం కావని ఎవరు తేల్చారు? ఒకే సంఘటనను ఊళ్లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పడం, రెండింటిలోనూ నిజం ఉండడం ఆమెకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. మంచి అధ్యాపకుడు ఈ సంక్షోభం గుండా విద్యార్థిని చెయ్యి పట్టి నడిపిస్తాడు. చేరబోయేవారు సెమినరీ గ్రంథాలయం ఎంతుందని అడిగినట్టే, ఇలాంటి అధ్యాపకులు ఉన్నారా అని పాత విద్యార్థులను అడగాలి.

స్వతంత్ర సంఘాల అనుమానం కూడా ఇక్కడి నుంచే పుట్టింది. సెమినరీకి వెళ్లినవాడు మండే మనసుతో వెళ్లి చల్లారి వస్తాడని అక్కడ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఇంగ్లండ్, కెనడాలలో ఇంజనీరింగ్ చదివిన భక్త్ సింగ్ హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా, సెమినరీ పట్టాలతో పని లేకుండా సేవకులను తయారుచేశాడు. ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘం నుంచి విడివడి 1938లో బైబిలు మిషన్ స్థాపించాడు. వీరిద్దరి వల్ల వాక్యానికి దగ్గరైన లక్షల తెలుగువారి ముందు పట్టా గొప్పదని వాదించడం అర్థం లేని పని. కాని భక్త్ సింగ్ కాలంలో శిష్యుడు గురువుతో కలిసి ఏళ్ల తరబడి ఉండి నేర్చుకునేవాడు. ఇవాళ ఫోన్లో వీడియోలు చూసి, వాటిలోని ఆవేశాన్ని అనుకరించి మైకు పట్టినవాడికి ఆ సహవాసమూ లేదు, ఈ చదువూ లేదు. ఆ లోటు పూడ్చే చోటు ఏదో ఒకటి ఉండాలి.

భాష సమస్య నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. తెలుగు విద్యార్థి హీబ్రూను ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటాడు. వ్యాకరణ పుస్తకం ఇంగ్లీషు, నిఘంటువు ఇంగ్లీషు, వ్యాఖ్యానం ఇంగ్లీషు, పరిశోధన ఇంగ్లీషు. పల్లె నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాడు దేవుని గురించి ఆలోచించడానికి ముందు ఇంగ్లీషుతో కుస్తీ పట్టాలి. మదురైలోని తమిళనాడు థియలాజికల్ సెమినరీ బి.డి. స్థాయిలో తమిళంలో బోధించి చూపించింది. అలాంటి పట్టుదల మన దగ్గర బి.డి., ఎం.టిహెచ్. స్థాయుల్లో రాలేదు. తెలుగులో వేదాంతం లేక కాదు. పురుషోత్తమ చౌదరి పందొమ్మిదో శతాబ్దంలోనే కీర్తనల్లో వేదాంతం పాడాడు. ఆర్.ఆర్. సుందరరావు 1983లో తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి వేదాంతం మీద ఒక గ్రంథమే వెలువరించాడు. మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవులు ఏం నమ్ముతారు, ఏ పండుగలు చేసుకుంటారు, ఇరుగుపొరుగు దేవతలతో వారి సంబంధం ఏమిటి అని పి.వై. లూక్, జాన్ కార్మన్ ఊళ్లలో తిరిగి రాసిన అధ్యయనం 1968లో వచ్చింది. ఇప్పటికీ అంత జాగ్రత్తగా చేసిన పని అరుదు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది. తెలుగు సాహిత్య విద్యార్థులు దాన్ని పద్యశిల్పం కోసం చదువుతారు. క్రీస్తును గురించి ఒక దళిత మహాకవి ఏం చెప్పాడన్నది వేదాంత విద్యార్థి చేయాల్సిన పని. పరిశోధనకు అంశం దొరకడం లేదని వాపోయే ఎం.టిహెచ్. విద్యార్థులకు నేను ఈ పేర్లే చెబుతాను.

విదేశాలకు వెళ్లేవారి గురించి కొంచెం. సెరాంపూర్ బి.డి.ని అమెరికా సెమినరీలు చాలాచోట్ల తమ మూడేళ్ల ఎం.డివ్.కు సమానంగా చూస్తాయి. కాబట్టి నేరుగా టిహెచ్.ఎం.కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బైబిలు అధ్యయనంలో డాక్టరేట్‌కు హీబ్రూ, గ్రీకులతో పాటు జర్మన్, ఫ్రెంచి చదవగలగాలని అడుగుతారు. జాన్ స్టాట్ మొదలుపెట్టిన లాంగ్‌హామ్ వంటి సంస్థలు డాక్టరేట్ చేసేవారికి ఆర్థిక సాయం చేస్తూ, తిరిగి స్వదేశంలో పనిచేయాలని ఆశిస్తాయి. తిరిగి రానివారిని నిందించే హక్కు నాకు లేదు. అక్కడే ఉండి తెలుగు పల్లెకు మేలు చేసిన పరిశోధనా ఉంది. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ప్రచురించిన పుస్తకం వలసపాలన కాలపు తెలుగు బైబిలు స్త్రీల గురించి. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించిన ఆ స్త్రీలను మన సంఘ చరిత్రలు చాలావరకు ఒకటి రెండు పంక్తుల్లో దాటేశాయి.

వారి వారసురాళ్లు ఇవాళ బి.డి. తరగతుల్లో ఉన్నారు. నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత 2013లో బిషప్‌గా అభిషేకం పొంది, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ అయ్యారు. అది గొప్ప రోజు. అయినా ఎన్నో సంఘాల్లో బి.డి. పాసైన అమ్మాయికి సండే స్కూలు, స్త్రీల సమాజం తప్ప ప్రసంగ వేదిక దక్కదు. చదువు చెప్పి, పని ఇవ్వకపోవడం మోసం. అంతకంటే చిన్న మాట నాకు దొరకడం లేదు.

ఇక బయటికి ఎవరూ మాట్లాడని విషయం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులకు ఇప్పటికీ వర్తించదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ-సి కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆదివారం చర్చికి వెళ్లడం వేరు, సెమినరీలో చేరడం వేరు. సెమినరీ దరఖాస్తుకు బాప్తిస్మ పత్రం, పాస్టరు సిఫారసు జతచేయాలి, అంటే క్రైస్తవుడినని కాగితం మీద ఒప్పుకోవాలి. దళిత కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు ఆ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు తన చదువునే కాక తమ్ముడి ఉద్యోగం గురించి, చెల్లెలి స్కాలర్‌షిప్ గురించి కూడా భయపడతాడు. ఆ భయాన్ని దాటి వచ్చిన విద్యార్థి చేసిన త్యాగం ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు. సెమినరీలకూ సంఘాలకూ ఇది తెలుసు, అయినా ఆ కుటుంబాలకు న్యాయసలహా ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల లేదు.

పట్టా వచ్చాక సంగతి సంఘాన్ని బట్టి ఉంటుంది. డయాసిస్ పంపినవారికి పాస్టరేట్ దొరుకుతుంది. సొంతంగా చదువుకున్నవారు ఎదురుచూడాలి. ఎం.టిహెచ్. చేసినవారిలో కొందరే అధ్యాపకులవుతారు. మిగిలినవారిని మారుమూల పాస్టరేట్‌కు పంపితే, ఇంత చదివి ఇక్కడికా అని వాళ్లూ అనుకుంటారు, ఇంత చదివినాయన మనకెందుకులే అని సంఘమూ అనుకుంటుంది. ఇద్దరి మధ్యా ఉన్న ఆ మొహమాటాన్ని తొలగించడం సెనేట్ వల్ల కాదు, డయాసిస్ చేతిలో పని. ఆదివారం సాయంత్రం పల్లె చావడిలో రెండు గంటల బైబిలు తరగతి, వారానికి ఒక అధ్యాయం చొప్పున, ప్రశ్నలు అడగనిచ్చే తరగతి పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఎం.టిహెచ్. చదివిన ప్రతి పాస్టరుకూ ఆ బాధ్యతను నియామక పత్రంలోనే రాసివ్వవచ్చు. సెమినరీలు తమ వంతుగా ప్రతి పరిశోధనకూ ఇరవై పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. హీబ్రూ, గ్రీకులకు తెలుగు ద్వారా నేర్పే వ్యాకరణ పుస్తకాలను బి.డి. విద్యార్థుల చేతుల్లో పెట్టాలి. గోదాముల్లో చెదలు పడుతున్న పాత క్రైస్తవ పత్రికలు, పాస్టరేట్ రిజిస్టర్లు, బైబిలు స్త్రీల నివేదికలను ఫొటోలు తీసి భద్రపరచాలి. ఈ ఏడాది బి.డి. పూర్తిచేస్తున్న తరగతిలో ఇద్దరికి ఈ చివరి పనిని వేసవి సెలవుల్లో అప్పగించినా మొదలవుతుంది.